పేరు లేని పళ్ల చక్రం

చిట్టా 1

ఝాన్సీ రాయమంది కాబట్టి రాస్తున్నాను. మోడలింగు బడిలో, అంటే వస్తువుల్ని కొలతలతో సహా పలక మీద గీయడం నేర్పే చోట, చేరినవాళ్లందరూ చిట్టా రాయాలట. ఏం గీశాం, ఎక్కడ తప్పాం, ఎలా దిద్దుకున్నాం, అన్నీ దాచకుండా పెట్టాలట. తప్పులు రాయమంటే ఎవరికి సరదా? అందులోనూ ఈ పంతులమ్మ నా సొంత కోడలు. అత్త చేసిన తప్పులు అత్త చేతే రాయించుకుని తీరిగ్గా చదువుకునే యోగం ఏ కోడలికి పడుతుంది చెప్పండి!

నా పేరు పైడితల్లి. చంద్రుడి మీద గుహలపాలెంలో ఉమ్మడి వంటశాల నడుపుతాను. ఇడ్లీ, పెసరట్టు, గారె, ఏది కావాలన్నా మా సొరంగం చివరికి రావాల్సిందే. పక్క సొరంగాలవాళ్లు కూడా ఏదో ఒక పని కల్పించుకుని పొద్దున్నే మా వైపు వస్తారు. ఆ పని ఏమిటో నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు, ఎవరమూ పైకి అనం.

అలాంటి వంటశాలలో గ్రైండరు ఆగిపోయింది. అడుగున ఉండే పళ్ల చక్రానికి వరసగా పళ్లు ఊడిపోయాయి. మోటారు తిరుగుతోంది, రోలు తిరగడం లేదు.

ఆ చక్రం మా అత్త సన్యాసమ్మ గీసింది. ఆవిడ పోయి చాలా కాలమైంది కానీ, చక్రం మాత్రం మొన్నటిదాకా పప్పు రుబ్బుతూనే ఉంది. మా ఊళ్లో ఎవరు ఏ వస్తువు గీసినా, గీసినవాళ్ల పేరు దాని మీద ఉబ్బెత్తు అక్షరాలతో వస్తుంది. అందుకని వస్తువుల్ని ఆ పేర్లతోనే పిలుస్తాం. వంటశాల బయట కుళాయి పిడి మా ఆయన అప్పలకొండ గీశాడు. ఆయన ఇప్పుడు లేడు. అయినా నీళ్లకి వచ్చినవాళ్లు, "అప్పలకొండని కాస్త తిప్పమ్మా" అని రోజూ అంటూనే ఉంటారు. నేను కూడా పొద్దున్నే ముందు ఆ పిడి మీద చెయ్యి వేసి, ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తాను.

ఊరు మొత్తం మీద పేరు లేని వస్తువు ఒకే ఒక్కటి, మా అత్త చక్రం. పేరెందుకు వేసుకోలేదని అప్పట్లో ఎవరో అడిగితే, "పేరెందుకు బావూ, పప్పు నలిగితే సాలదా?" అందట. పేరు కోరని మనిషి అంటూ ఆ మాట బళ్లో పిల్లలకి ఇప్పటికీ చెబుతారు. ఇంట్లో నేను చూసిన సన్యాసమ్మకీ, ఈ కథలో సన్యాసమ్మకీ నాకైతే ఎప్పుడూ పొంతన కుదరలేదు. నా పులుసు బాగుందని ఎవరైనా అంటే చాలు, "పోపు నాను సెప్పినట్టే ఏసింది" అని పక్క గదిలోంచి అందుకునేది. సరే, పోయినవాళ్ల గురించి ఇప్పుడెందుకు.

సరఫరాల పెద్ద కామేశం గారు వచ్చి, పళ్లు ఊడిన చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పైడమ్మా, దీనికి ఇంకా ఎన్నాళ్లు చాకిరీ చేస్తావు? గొట్టం ముద్దలు తెప్పించేద్దాం. నొక్కితే వస్తుంది, మింగితే అయిపోతుంది. గిన్నెలు తోమే పని కూడా ఉండదు."

"ఆ ముద్ద రుసి ఏటి బావూ?"

"మూడు రకాలున్నాయి. తెలుపు, పసుపు, ఆకుపచ్చ."

"రుసి అడిగితే రంగులు సెప్తన్నావేటి!"

ఆయన చెడ్డవాడు కాదు. లెక్కల మనిషి, అంతే. నా మొహం చూసి కాస్త మెత్తబడ్డారు. రాబోయే పగలంతా గడువిచ్చారు. ఇక్కడి పగలు కింద, అంటే భూమి మీద, రెండు వారాలంత పొడుగు. సూర్యుడు దిగేవేళ ఊరి సభ జరుగుతుంది. ఆలోగా రోలు తిరిగితే సరి. లేదంటే వంటశాల మూసేసి, ఆ చోటుని గొట్టాల గిడ్డంగికి ఇచ్చేస్తారు.

మరి ఝాన్సీ గీసి ఇచ్చేయొచ్చు కదా అంటారేమో. కుదరదు. వాడేవాళ్లే గీసుకోవాలన్నది మా ఊరి కట్టుబాటు. ఒకప్పుడు మోడలింగు ఊరంతటికీ ఒక్క మనిషికే తెలిసేదట. ఆయనకి జ్వరం వస్తే, ఊరికి గాలి పంపే మరకి బిళ్ల కావాలంటూ ఊరు ఊరంతా ఆయన మంచం చుట్టూ కూర్చుందట. అప్పుడు పెట్టుకున్న కట్టుబాటు ఇది. ఝాన్సీ నేర్పగలదు, నా పలక మీద మాత్రం చెయ్యి పెట్టకూడదు.

ఇంకో విడ్డూరం. గ్రైండరు మిగతా భాగాల మోడళ్లన్నీ బడిలో భద్రంగా ఉన్నాయి. ఈ ఒక్క చక్రం మోడల్ మాత్రం లేదు. అత్త ఎందుకో దాచలేదు. అందుకే ఈ వయసులో నేను బడికి పోతున్నాను.

చిట్టా 2

ఇవాళ గీత గీశాను.

గీత గీయడానికి బడి ఎందుకని నేనూ అన్నాను. వెలుగు పలక మీద వేలితో చక్కగా ఒక గుండ్రం, దానికి ఆనించి ఒక పన్ను గీశాను. బాగానే ఉంది. కొంచెం పక్కకి జరుపుదామని ఒక మూల పట్టుకున్నాను. అంతే, పన్ను ఒక దిక్కుకి, గుండ్రం ఒక దిక్కుకి సాగిపోయాయి.

"గీస్తే సరిపోదత్తా," అంది ఝాన్సీ. "అది ఎక్కడుండాలో, ఎంతుండాలో, దేన్ని ఆనుకుని ఉండాలో సెప్పాలి. సెప్పకపోతే దాని ఇష్టం."

"మా వోడు కూడా అంతే కదే. నీకు తెలీదేటి?"

మా అబ్బాయి ప్రస్తావన వస్తే ఝాన్సీ బళ్లో కూడా నవ్వు ఆపుకోలేదు. నవ్వి, మళ్లీ పంతులమ్మ మొహం పెట్టుకుని నేర్పింది. కట్టు పడని గీతలు నీలంగా ఉంటాయి. కొలత చెప్పి, చోటు చెప్పి కట్టేస్తే నల్లబడతాయి. ఇక ఎంత లాగినా కదలవు. నాకు ఊపొచ్చి, కట్టినవాటినే మళ్లీ కట్టాను. మొత్తం ఎర్రబడింది. ఒకే గీతకి రెండు కొలతలు చెప్పానట. పులుసులో రెండోసారి ఉప్పు వేసినట్టయింది. ఒకటి తీసేస్తే సర్దుకుంది.

చివర్లో ఒక వింత చూపించింది. అన్నీ సరిగ్గా కట్టాక, అడ్డం కొలత దగ్గర ఒకే ఒక్క అంకె మార్చమంది. మార్చాను. గుండ్రం పెరిగింది, దానితో పాటు పన్ను పెరిగింది, మధ్య బెజ్జం కూడా దాని చోటుకి అది జరిగింది. "ఓలమ్మో!" అని అరిచాను. పక్క బల్ల దగ్గర మంగలి బంగార్రాజు ఉలిక్కిపడి, తను గీస్తున్న దువ్వెనకి ఒక పన్ను ఎక్కువ పెట్టాడు.

చిట్టా 3

గ్రైండరు లేదని ఊరికి తిండి మానేయలేం కదా. పాత రాతి రోలు బయటికి తీశాను. చంద్రుడి మీద రుబ్బడం ఒక సర్కస్. ఇక్కడ దేనికీ భూమి మీద ఉన్నంత బరువుండదు. పొత్రం కింద పప్పు నలగదు, తోసిన కొద్దీ మనమే పైకి లేస్తాం. గ్రైండరులో అయితే పొత్రాన్ని కిందికి నొక్కడానికి స్ప్రింగు ఉంది. ఇక్కడ నన్ను నొక్కేవాళ్లెవరు? నడుముకి పటకా కట్టుకుని, దాన్ని నేల కొక్కేనికి తగిలించుకుని రుబ్బుతున్నాను.

ఆ పటకా కోసం అత్త సొరుగు వెతికితే, గరిటెల కింద ఒక ఆకురాయి దొరికింది. ఇనుము అరగదీసే ఆకురాయికి వంటింట్లో ఏం పని? ఎప్పుడో అడిగితే కత్తిపీట కోసం అంది అత్త. ఆ కత్తిపీట సానకి పనిశాలకి పంపడమే నేనెరుగుదును. మళ్లీ సొరుగులోనే పడేశాను.

బడి సంగతి. ఇవాళ పళ్లు లెక్కపెట్టాను. మోటారు చక్రంతో జత కుదరాలంటే పళ్లు లెక్క ప్రకారం ఉండాలి. పాత చక్రం మీద, ఊడినవాటి మొదళ్లతో సహా, వేలు పెట్టి లెక్కపెడితే ప్రతిసారీ ఒక లెక్క వచ్చింది. చివరికి మొదటి పన్నుకి పసుపు బొట్టు పెట్టి లెక్కపెట్టాను. బొట్టు దగ్గరికి వచ్చి ఆగాను. ఆ తెలివికి ఝాన్సీ మెచ్చుకుంది.

మెచ్చుకున్నంతసేపు పట్టలేదు నేను తప్పు చేయడానికి. ఒక పన్ను గీసి, దాన్ని చుట్టూ తిప్పి వేసుకోమని పలకకి చెబితే చాలు, మిగతావన్నీ అదే వేసుకుంటుంది. నేను బొట్టు పన్నుని రెండుసార్లు లెక్కేశాను. మొదట ఒకసారి, తిరిగొచ్చాక ఇంకోసారి. ఒక పన్ను ఎక్కువై మోటారు చక్రంతో కలపగానే పన్నూ పన్నూ ఎక్కి కూర్చున్నాయి.

"బొట్టు పెట్టినదాన్ని రెండోసారి పేరంటానికి పిలవకూడదత్తా."

"పిలిస్తే ఏటవుద్ది?"

"ఇదిగో, ఇలాగ కొట్టుకుంటాయి."

బంగార్రాజు ఇంతకన్నా ఘనకార్యం చేశాడు. దువ్వెన పళ్లు కూడా అలాగే తిప్పి వేయించుకున్నాడు. ఇప్పుడు అతని దువ్వెన గుండ్రంగా ఉంది. ఎవరి తలకో నప్పుతుందిలే అని దాచుకున్నాడు.

చిట్టా 4

కామేశం గారు రుచి చూడమని గొట్టాలు పంపారు. తెలుపు తిన్నవాళ్లు ఏమీ అనలేదు. పసుపు తిన్నవాళ్లు నీళ్లడిగారు. ఆకుపచ్చది తిన్న బంగార్రాజు మాత్రం, "నా గెడ్డం సబ్బు ఇంతకన్నా నయం, పైడమ్మత్తా" అన్నాడు. సబ్బు రుచి ఇతనికి ఎలా తెలుసో నేనడగలేదు.

బడిలో మైనంతో నమూనా తీశాం. చక్రం మధ్య బెజ్జంలోకి ఇరుసు దూరాలి. ఇరుసు ఎంత లావో కొలిచి, బెజ్జం సరిగ్గా అంతే పెట్టాను. వెంట్రుకంత తేడా లేదు. పలక మీద రెండూ ముచ్చటగా కుదిరాయి. మైనపు చక్రం వచ్చాక చూస్తే ఇరుసు దూరనే దూరదు. తోశాను, తిప్పాను, తిట్టాను.

ఝాన్సీ వెళ్లి నా పప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. "మూత తియ్యత్తా." తీశాను. "పెట్టు." పెట్టాను. "మూత డబ్బా అంతే ఉందేటి?"

అప్పుడు వెలిగింది. మూత డబ్బాకి సమానంగా ఉంటే పట్టదు. కాస్త పెద్దదిగా ఉండాలి, ఆ కాస్త ఎంతో తెలియాలి. ఇన్నేళ్లుగా రోజూ మూతలు తీస్తూ పెడుతూ ఉన్నాను, ఒక్కనాడు దాని గురించి ఆలోచించలేదు. రెండోసారి సందు మరీ ఎక్కువ పెట్టాను, చక్రం తల ఊపింది. మూడోసారి ఇరుసు మెత్తగా జారి కూర్చుంది. నాకు ఎంత సంతోషమైందంటే, బడి అయ్యేదాకా దాన్ని తీస్తూ పెడుతూనే కూర్చున్నాను.

ఏ వస్తువు చుట్టూ అయినా కదలడానికి సందు ఉండాలి. ఈ ముక్క ఇక్కడ పెద్దగా రాసుకున్నాను. ఎంత బాగా గుర్తుపెట్టుకున్నానో ముందు ముందు తెలుస్తుంది.

చిట్టా 5

సూర్యుడు వచ్చాడు. ఎండ కొలిమి అద్దాలు విప్పారు. ఎండ వేడికి ఇనుప పొడి కరిగి, పొర మీద పొర పడి వస్తువవుతుంది. ఎండ ఉన్నన్నాళ్లే కొలిమి. ఊరందరికీ పని ఉంటుంది కాబట్టి, ఒక పగలుకి ఇంటికి ఒక్క వంతే.

ఇవాళ నా మోడల్‌కి పరీక్ష. గ్రైండరు భాగాలన్నీ పలక మీద ఒక్కచోట చేర్చి, నా చక్రాన్ని మధ్యలో కూర్చోబెట్టి తిప్పారు. ఏది దేనికి తగిలినా అక్కడ ఎర్రగా వెలుగుతుంది. ఎక్కడా ఎరుపు లేదు. మోటారు చక్రంతో పళ్లు ఇమిడిపోయాయి. చక్రం మీద బిగించే మూత కింద చక్కగా తిరిగింది. ఝాన్సీ రెండుసార్లు తిప్పి చూసి, "నెగ్గీసినావత్తా!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తెచ్చిన బెల్లం పంచాను.

పరీక్ష నెగ్గాక పేరు పెట్టడం. నెగ్గనిదానికి పేరెందుకని, మా దగ్గర ఎప్పుడూ పేరు చివర్నే పెడతారు. ఆ పేరు పెట్టేటప్పుడు మిగతావాళ్లు అటు తిరిగి నిలబడాలి. కొలిమిలోంచి బయటికి రాకముందే ఇంకొకరి కన్ను పడితే వస్తువు పగులుతుందని నమ్మకం. ఝాన్సీకి ఆ నమ్మకం లేదు, అయినా మర్యాదకి తిరిగింది.

తిరుగుతూ, "సిన్న అచ్చరాలు పెట్టుకోత్తా, అందంగా ఉంటాయి" అంది.

"అలాగేలేవే."

నేనెందుకు చిన్నవి పెడతాను? ఊరికి ఇన్నేళ్లుగా వండుతున్నాను. వండినది తినేస్తారు, అరిగిపోతుంది, రేపటికి మిగలదు. ఈ ఊళ్లో ప్రతి గొళ్లెం మీదా, ప్రతి గిన్నె చెవి మీదా ఎవరో ఒకరి పేరుంది. నాది ఎక్కడా లేదు. పైడితల్లి అని చక్రం ముఖం మీద ఆ అంచు నుంచి ఈ అంచుకి వేశాను. చేత్తో తడిమితే తెలియాలని ఎత్తుగా కూడా వేశాను. అప్పలకొండ పిడి మీద ఉన్నట్టుగా.

చిట్టా 6

రాయాలని లేదు. ఝాన్సీ ఊరుకోదు కాబట్టి రాస్తున్నాను.

చక్రం కొలిమిలోంచి నిగనిగలాడుతూ వచ్చింది. ఊళ్లో సగంమంది చూడ్డానికి వచ్చారు. నా పేరు తడిమి చూసి, "ఎంత బాగున్నాదో!" అన్నారు. నేను పొంగిపోయి, చూడని వాళ్లకి కూడా తీసుకెళ్లి చూపించాను. తర్వాత గ్రైండరులో కూర్చోబెట్టి మూత పెట్టాను. మూత ఒక పట్టాన కూర్చోలేదు. కొత్తది కదా అని మరలు గట్టిగా బిగించాను. పప్పు పోసి మోటారు వేశాను.

అది చేసిన చప్పుడు నేను చెప్పలేను. జనం చెవులు మూసుకున్నారు. కాలిన వాసన వస్తే ఝాన్సీ పరుగున వచ్చి ఆపేసింది. విప్పి చూస్తే, మూత లోపలి వైపంతా గుండ్రంగా గీట్లు. నా పేరు అక్షరాల అంచులు అద్దంలా మెరుస్తున్నాయి.

ఝాన్సీ మూతకీ చక్రానికీ మధ్య వేలు పెట్టి చూసింది.

"గోరంత సందులో సెనగబద్దంత పేరు పెట్టినావత్తా."

"మరి పరీచ్చ నెగ్గింది కదే?"

"అప్పుడు పేరు లేదు కదా."

పేరు ఎప్పుడూ పరీక్ష తర్వాతే. తలుపు గొళ్లేనికి, కుళాయి పిడికి చుట్టూ ఖాళీ ఉంటుంది కాబట్టి ఇన్నేళ్లుగా ఎవరికీ ఇబ్బంది రాలేదు. మూత కింద ఇరుకులో తిరిగేదానికి పేరు పెట్టింది నేనే. సందు ఉండాలని పెద్దగా రాసుకున్నది కూడా నేనే.

మళ్లీ పోయించుకోవడానికి కొలిమి వంతు లేదు. మూత తీసేసి నడుపుదామంటే కందెన వచ్చి పిండిలో పడుతుంది.

"పేరు అరగదీసీ అత్తా. అంతకన్నా ఏటీ అక్కర్లేదు," అంది ఝాన్సీ మెల్లగా.

"నీకేటే, పలక నిండా నీ పేరే. నాకున్నది ఇదొక్కటీ! తీనంటే తీను!"

అందరి ముందూ అరిచాను. ఝాన్సీ వంగి, విప్పిన మరలు ఒక్కొక్కటే ఏరి నా చేతిలో పెట్టింది. అది చూసేసరికి నాకు ఏడుపొచ్చింది. చక్రం కొంగులో చుట్టుకుని లోపలికి వెళ్లి తలుపేసుకున్నాను.

చిట్టా 7

సభ దగ్గర పడింది. గొట్టాల పెట్టెలు తెచ్చి వంటశాల గుమ్మం పక్కనే పేర్చడం మొదలుపెట్టారు. పొద్దున్న అప్పలకొండ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. నీళ్లకి వచ్చినవాళ్లు నన్ను చూసి, గొట్టం నొక్కుకుంటూ వెళ్లిపోయారు. పక్క సొరంగాలవాళ్లు అసలు రాలేదు. వాళ్లకి ఇటువైపు పనులన్నీ అయిపోయినట్టున్నాయి.

అప్పలకొండ పేరు ఇంకా జనం నోట్లో ఎందుకుంది? కుళాయి తిరుగుతోంది కాబట్టి, నీళ్లొస్తున్నాయి కాబట్టి. రుబ్బని చక్రం మీద నా పేరుంటే దాన్ని పిలిచేదెవరు? గిడ్డంగిలో గొట్టాల మధ్య పడి ఉంటుంది. అలా అనుకున్నాక ఇక ఆలోచించలేదు. సొరుగు లాగి, గరిటెల కింది ఆకురాయి తీశాను.

ఇక్కడ ఇనుప రజను తొందరగా కిందపడదు, పొగలా తేలుతుంది. మూతికి గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. ముందు ‘ల్లి’ పోయింది. తర్వాత ‘త’. ‘డి’ మొండికేసింది. చివరికి ‘పై’ మిగిలితే, ఆకురాయి దించి కొంగుతో దాని మీది రజను తుడిచాను. మళ్లీ పట్టాను.

ముఖం చదునుగా వచ్చిందో లేదో చూద్దామని, పక్కన అత్త చక్రం పెట్టుకున్నాను. దాని నిండా ఏళ్లనాటి కందెన పేరుకుని ఉంది. పోలిక తెలియాలని గట్టిగా తుడిచాను.

కింద ఏటవాలు గీట్లు.

ఆకురాయి గీట్లు. నా చక్రం మీద ఎలా ఉన్నాయో సరిగ్గా అలాగే, ఆ అంచు నుంచి ఈ అంచుకి. ఒక చివర సరిగ్గా అరగక, చిన్న తోక ఒకటి మిగిలిపోయి ఉంది. వేలితో తడిమాను. ‘మ్మ’ కింద ఒత్తు. ఆ తోక ఉన్న చోటు చూస్తే, సన్యాసమ్మ అక్షరాలు నావాటి కన్నా పెద్దవి!

పేరెందుకు బావూ అందట! పప్పు నలిగితే సాలదా అందట! ఊరందరి కన్నా పెద్దగా పేరు వేసుకుని, గ్రైండరు కీచుమనేసరికి, తలుపేసుకుని గీసి గీసి అరగదీసి, ఏమీ ఎరగనట్టు బయటికి వచ్చి ఆ మాట అంది. మోడల్ ఎందుకు దాచలేదో కూడా అర్థమైంది. దాస్తే పేరుతో సహా ఉంటుంది కదా. చెరిపేసింది ముసల్ది!

ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. నవ్వి నవ్వి కళ్ల నీళ్లు వచ్చాయి. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఒకరినొకరు దెప్పుకోవడంతోనే సరిపోయింది. ఇప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, ‘అత్తా, నీకు ఏ అక్షరం మొండికేసింది?’ అని అడగాలనిపించింది. నా మనసుకి ఆవిడ ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

నవ్వు విని ఝాన్సీ తలుపు తోసుకుని వచ్చింది. నాకు మతి పోయిందేమోనని కంగారుపడినట్టుంది. నేను నవ్వుతూనే రెండు చక్రాలూ చూపించాను. ఒకదాని మీద చెయ్యి పెట్టింది, రెండోదాని మీద పెట్టింది, ఆ తోక దగ్గర ఆగింది. నా ఒడిలో ఆకురాయి చూసింది. తర్వాత నేల మీద కూలబడి, కడుపు పట్టుకుని నాకన్నా ఎక్కువ నవ్వింది.

"కత్తిపీట కోసమా అత్తా ఇది?"

"కత్తిపీట కోసమేనే!"

ఇద్దరం కలిసి చక్రం బిగించాం. మూత తనంత తను కూర్చుంది. పప్పు పోసి మోటారు వేశాను. చప్పుడే లేదు. రోలు తిరిగింది. తెల్లగా, వెన్నలా పిండి అంచుకి ఎక్కడం మొదలుపెట్టగానే ఝాన్సీ నా భుజం మీద తల పెట్టింది. ఆ రోజు అరిచినందుకు తప్పయిందే అన్నాను. "ఊరుకోత్తా, పిండి పొంగిపోద్ది" అంది.

చిట్టా 8

సభలో ఇడ్లీలే మాట్లాడాయి. నేను నోరు విప్పే అవసరం రాలేదు. పక్క సొరంగాలవాళ్లకి మళ్లీ మా వైపు పనులు పడ్డాయి. కామేశం గారు మొదటి వాయి తిన్నారు, రెండో వాయి తిన్నారు, మూడో వాయికి లెక్క మానేశారు. గొట్టాల పెట్టెలు ప్రయాణాల వాళ్లకి పనికొస్తాయని తనే అనేసి, చెయ్యి కడుక్కుని చక్రం చూస్తానన్నారు. మూత విప్పి చూపించాను.

"పేరేదమ్మా? అంత పెద్దగా వేశావని ఊరంతా చెప్పుకున్నారే?"

సభ సభంతా నా వైపు చూసింది. ఝాన్సీ గభాలున మంచినీళ్ల చెంబు అందుకుంది.

నేను కొంగు సర్దుకున్నాను. "పేరెందుకు బావూ," అన్నాను, "పప్పు నలిగితే సాలదా?"

తర్వాత చూడండి ఆ చప్పట్లు! కామేశం గారి కళ్లు తడయ్యాయి. "సన్యాసమ్మకి తగ్గ కోడలివి అనిపించుకున్నావమ్మా" అన్నారు. ఆయన అన్నది పూర్తిగా నిజం. ఎంత నిజమో ఆయనకి తెలియదు. ఝాన్సీకి నీళ్లు పొలమారి, వీపు మీద నాలుగు తట్టాల్సొచ్చింది.

ఇవాల్టి నుంచి బడిలో పద్ధతి మారింది. ముందు పేరు, తర్వాత పరీక్ష. ఈ తప్పు ఎవరిదని చెప్పమంటావని ఝాన్సీ అడిగింది. ఊళ్లో ఆ చప్పట్లు అలాగే ఉండనీ, బళ్లో మాత్రం నిజం చెప్పు అన్నాను. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి దొరక్కుండా అత్త తన మోడల్ చెరిపేసింది, నేను నా చిట్టా ఇచ్చేస్తున్నాను. బంగార్రాజు గుండ్రం దువ్వెన కంటే ఇదేమీ పెద్ద తప్పు కాదని నా అభిప్రాయం.

ఇక ఒక్క పని మిగిలింది. ఆకురాయి చెక్క పిడి మీద మేకుతో రెండు పేర్లు చెక్కాను. పైన సన్యాసమ్మ, దాని కింద పైడితల్లి. ఈసారి చుట్టూ బోలెడంత సందుంది, దేనికీ తగలదు. నా పేరు కింద కాస్త చోటు వదిలి, కడిగిన గరిటెలతో పాటు సొరుగులో పెట్టాను.

ఝాన్సీ వచ్చి సొరుగు లాగి చూసింది.

"ఈ ఖాళీ ఎవరికత్తా?"

"పొత్రం నొక్కే స్ప్రింగు వదులైపోనాదే. రేపట్నుంచి నువ్వూ నాతో రుబ్బాల, దానికొక కొత్తది నువ్వే గీద్దువుగాని. పేరు ఎంత పెద్దగా పెట్టుకుంటావో నీ ఇష్టం."